ఆకులు కట్టుకున్న స్కిట్టుకి పదికి ఎన్ని మార్కులు?

(నవ్వూ – కులమూ: 9వ భాగం)



టీవీలో స్కిట్ అయిపోగానే ఏం జరుగుతుందో మీ అందరికీ తెలుసు. జడ్జీలు పడీపడీ నవ్వుతారు. యాంకర్ కళ్ళు తుడుచుకుంటుంది. స్కోర్ చెప్తారు. పదికి పది. మరీ నచ్చకపోతే తొమ్మిది. ఆ జడ్జి కుర్చీ మనకు ఎవరూ వెయ్యరు. కాబట్టి ఇవాళ మనమే ఒకటి వేసుకుందాం. దాన్ని హైదరాబాద్ స్టూడియోలో కాదు, అరకు కొండల మీద వేసుకుందాం. ఎక్కడ కూర్చుని చూస్తున్నామన్నదాన్ని బట్టి స్కిట్ మారిపోతుంది.

ఏ ఎపిసోడ్ అని అడుగుతారు. ఫలానా తారీఖు ఎపిసోడ్ అని చెప్పను. అలా చెప్తే అది ఆ ఒక్క రోజు తప్పయిపోతుంది, ఒక్క సారీతో చెల్లిపోతుంది. నేను మాట్లాడేది తిరిగి తిరిగి వచ్చే స్కిట్ గురించి. సినిమా కామెడీ ట్రాకుల నుంచి టీవీకి, టీవీ నుంచి యూట్యూబ్‌కి, యూట్యూబ్ నుంచి మీ కాలేజీ ఫ్రెషర్స్ డేకి దిగొచ్చిన 'అడవి స్కిట్' గురించి. టీమ్ మారుతుంది, ఛానెల్ మారుతుంది, వేషం మాత్రం మారదు.

మీరు చూసే ఉంటారు. మొహానికి మసి, తలకి ఈకలు, నడుముకి ఆకులు, చేతిలో బల్లెం. గూడెం పెద్ద వస్తాడు. 'జింబ జింబ' అంటాడు. పక్కవాడు దాన్ని తెలుగులోకి తర్జుమా చేస్తాడు, అది పంచ్. సిటీ నుంచి దారి తప్పిన ఇద్దరు కుర్రాళ్ళు దొరుకుతారు. వాళ్ళని కొండదేవరకి బలి ఇవ్వాలంటారు. ఈలోపు గూడెం పెద్ద కూతురు సిటీ కుర్రాడి మీద మనసు పడుతుంది. అక్కడి నుంచి డబుల్ మీనింగ్ మొదలు. మధ్యలో ఎవడో సెల్‌ఫోన్ చూసి దెయ్యమనుకుని పరిగెడతాడు. చివరికి డప్పు, డాన్సు, చప్పట్లు, స్కోర్.

సరే, మార్కులు వేద్దాం. న్యాయంగా వేద్దాం.

ముందు బాగున్నవి

2013 ఫిబ్రవరి 7న ఈటీవీలో 'జబర్దస్త్' మొదలైంది. మరుసటేడు 'ఎక్స్‌ట్రా జబర్దస్త్' వచ్చింది. ఆ తర్వాత అదే అచ్చులో అన్ని ఛానెళ్ళలోనూ షోలు పుట్టాయి. ఇవి చేసిన మంచిని కాదనడం నిజాయితీ కాదు. తెలుగు సినిమాలో వారసులకి తప్ప దారిలేని రోజుల్లో, ఎవరి కొడుకూ కాని కుర్రాళ్ళకి ఒక స్టేజీ దొరికింది. పల్లెల నుంచి, పేద ఇళ్ళ నుంచి, కృష్ణానగర్ గదుల్లో పస్తులున్నవాళ్ళ నుంచి స్టార్లు పుట్టారు.

భాష విషయంలోనూ ఒక మేలు జరిగింది. శ్రీకాకుళం యాసని నౌకరు పాత్రకి కట్టేసిన కాలం చాలా ఉంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన షకలక శంకర్ ఆ యాసలోనే స్టేజీ మధ్యలో నిలబడి జనాన్ని నవ్వించాడు. రామ్‌గోపాల్ వర్మని అనుకరించినప్పుడు అతను ఎవరిని వెక్కిరించాడు? ఇండస్ట్రీలో అందరూ భయపడే ఒక పెద్ద దర్శకుణ్ణి. కిందివాడు పైవాడి నడకని, మాటని, గర్వాన్ని స్టేజీ మీద ఆరబెట్టడం. హాస్యం పని అదే. దానికి పదికి పది వేస్తాను, మొహమాటం లేదు.

ఇంకో పెద్ద ఉదాహరణ వేణు. 2014 డిసెంబరులో, కల్లుగీత కులం ఆడవాళ్ళని కించపరిచేలా స్కిట్ చేశాడని హైదరాబాద్‌లో అతని మీద దాడి చేశారు. కొట్టడం తప్పు. ఒక కళాకారుణ్ణి రోడ్డు మీద కొట్టడాన్ని ఏ ఉద్యమం పేరుతోనూ సమర్థించను. అదే వేణు 2023లో 'బలగం' తీశాడు. తెలంగాణ పల్లెలో ఒక చావు, పిట్టకి పెట్టే ముద్ద, ఇంటి అల్లుడి అలక, అన్నదమ్ముల పంతం. జనం ఊళ్ళలో తెరలు కట్టుకుని, కలిసి కూర్చుని నవ్వారు, ఏడ్చారు.

మనిషి అతనే, టైమింగ్ అదే. తేడా ఎక్కడుంది? స్కిట్‌లో అతను గీత కార్మికుల ఇంటిని బయట నిలబడి చూశాడు. సినిమాలో తన మనుషుల ఇంట్లో కూర్చుని చూశాడు. అందుకే చెప్తున్నా, మన గొడవ కళాకారుల టాలెంట్‌తో కాదు. వాళ్ళని ఎక్కడ నిలబెట్టి ఎటువైపు చూపిస్తున్నారన్నదానితో.

కాబట్టి అడవి స్కిట్‌కి నటనలో 8, టైమింగ్‌లో 9. రాసుకోండి. ఇక మిగతా పేపర్ దిద్దుదాం.

మొదటి తప్పు: భాష

'జింబ జింబ'. దీన్ని కోయ భాష అంటారు. ముందు ఒక మాట. కోయలు ఎక్కువగా గోదావరి వైపు, చింతూరు, భద్రాచలం ప్రాంతాల్లో ఉంటారు. అరకు లోయలో మీరు కలిసేది కొండదొర, బగత, కోటియా, వాల్మీకి, పోర్జా, గదబ, కొందు, నూకదొర, కమ్మర జనాన్ని. స్కిట్ రాసేవాడికి వీళ్ళందరూ ఒకటే. ఈకలుంటే కోయదొర.

కొండదొరల భాషకి కూబి అని పేరు. అది మన తెలుగు కుటుంబపు భాషే, ద్రావిడ భాష. భద్రిరాజు కృష్ణమూర్తి అంతటి భాషావేత్త అరకు ప్రాంతానికొచ్చి, ఈ జనం పక్కన కూర్చుని, వాళ్ళ మాటలు రాసుకుని, ఆ భాషకి పూర్తి వ్యాకరణం రాశారు. అది 1969లో అచ్చయింది. గదబల సంగతి ఇంకా ఆశ్చర్యం. గదబ అనే ఒక్క పేరు కింద రెండు వేరువేరు భాషా కుటుంబాలున్నాయి. గుతోబ్ మాట్లాడేవాళ్ళది ముండా కుటుంబం. ఒల్లారి మాట్లాడేవాళ్ళది ద్రావిడ కుటుంబం. సంతలో వీళ్ళందరినీ కలిపేది ఆదివాసీ ఒరియా. అంటే సంతకొచ్చిన ఒక గదబ అవ్వ ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, ఆఫీసులో తెలుగు మాట్లాడుతుంది. మూడు భాషలు. ఆమెని చూసి నవ్వేవాడికి సరిగ్గా వచ్చింది ఒక్కటి.

ఇది జోక్ కాదా? నిజానికి ఇదే జోక్. కానీ స్కిట్‌లో ఉండదు.

భాషలో మార్కులు: 0.

రెండో తప్పు: ఆకులు

అరకు కొండల్లో గదబ ఆడవాళ్ళు కెరాంగ్ అనే చెట్టు నారని వడికి, రంగులద్ది, ఎర్రటి నీలపు చారలతో చీర నేసుకునేవాళ్ళు. మిల్లు గుడ్డ కొండెక్కకముందే వాళ్ళకి మగ్గం ఉంది. నారని దారం చెయ్యడం, దారాన్ని గుడ్డ చెయ్యడం తెలిసిన జనానికి స్టూడియోవాళ్ళు ఆకులు కట్టారు.

ఇప్పుడు కొండ మీద ఏముంది? సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్క, ఆ చెట్టుకే పాకించిన మిరియం తీగ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్‌లో ఆ పేరుతో దుకాణం తెరిచింది. పారిస్‌లో కప్పు తాగేవాడికి ఆదివాసీ రైతు కనపడ్డాడు. పక్కనున్న తెలుగు టీవీకి కనపడలేదు. బల్లెం పట్టుకున్నవాడే కనపడ్డాడు.

వేషంలో మార్కులు: 0.

మూడో తప్పు: గూడెం పెద్ద కూతురు

ఇక్కడ నవ్వడం నా వల్ల కాదు.

స్కిట్‌లో అడవి పిల్లకి సిగ్గు ఉండదు, మాట ఉండదు, వద్దనడం ఉండదు. సిటీవాడు కనపడగానే వెంటపడుతుంది. ఆమె ఒంటి మీద ఎన్ని డబుల్ మీనింగులు వేసినా ఆమెకి అర్థం కాదు. ఆమెకి అర్థం కాకపోవడమే పంచ్. దీని అర్థం ఏంటో ఒక్క నిమిషం ఆలోచించండి. 'ఆమెని ఏమన్నా ఫర్వాలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పినా ఎవరూ నమ్మరు' అని కదా.

2007 ఆగస్టు 20. విశాఖ ఏజెన్సీ, జి.మాడుగుల మండలం, వాకపల్లి. కొందు తెగకి చెందిన 11 మంది ఆడవాళ్ళు, కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద సామూహిక అత్యాచారం చేశారని చెప్పారు. కొండ దిగొచ్చి చెప్పారు. అధికారులకి చెప్పారు, కోర్టులకి చెప్పారు. ఏళ్ళ తరబడి అదే మాట మీద నిలబడ్డారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు, విచారణ ఎదుర్కొన్న 13 మంది పోలీసులని నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని అదే కోర్టు చెప్పింది. ఆ ఆడవాళ్ళకి పరిహారం ఇవ్వాలనీ చెప్పింది. పదిహేనేళ్ళు దాటిన పోరాటం చివర్లో వాళ్ళ చేతికి వచ్చింది అది.

టీవీ స్కిట్ వల్ల ఆ కేసు పోయిందని నేను అనడం లేదు. అంత తేలిక మాట నేను అనను. నేను అంటున్నది వేరు. ఆదివాసీ ఆడమనిషి సాక్ష్యం చెప్తే దాన్ని తూచే తక్కెడ ఒకటి సమాజంలో ముందే తయారై ఉంటుంది. స్టేషన్‌లో కానిస్టేబుల్‌కీ, ఆస్పత్రిలో డాక్టరుకీ, ఊళ్ళో విలేకరికీ ఆ తక్కెడే. ఆ తక్కెడలో రాళ్ళు వేసేది ఎవరు? రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వే నవ్వు కూడా అందులో ఒక రాయి. చిన్న రాయే. కానీ వారం వారం వేస్తున్నారు.

ఈ అంకానికి మార్కులు లేవు. పేపర్ చింపేశాను.

నాలుగో తప్పు: గంజాయి

ఇది కొత్త సీజన్ జోక్. అరకు అనగానే గంజాయి. 'ఏరా, అరకు వెళ్ళొచ్చావా' అని కన్నుకొడితే చాలు, పంచ్ పేలుతుంది. విశాఖ హాస్టళ్ళలో ఉండే కొండ పిల్లల్ని అడగండి, ఈ జోక్ రోజుకి ఎన్నిసార్లు వినాలో. సరదాగా బ్యాగ్ వెతుకుతారు. సరదాగానే.

ఈ జోక్ వెనకాల ఒక చట్టం ఉంది. 20 కిలోలు దాటితే గంజాయి వాణిజ్య పరిమాణం. కనీస శిక్ష 10 ఏళ్ళు, గరిష్ఠం 20. బెయిలు దొరకడం గగనం. పెట్టుబడి పెట్టేవాడు కిందనో, పక్క రాష్ట్రాల్లోనో ఉంటాడు. మూట మోసేవాడు కొండ మీద కుర్రాడు. చెక్‌పోస్ట్ దగ్గర దొరికేది మోసేవాడే. పెట్టుబడిదారు మీద స్కిట్ ఎప్పుడైనా చూశారా? కారులో కూర్చుని ఫోన్‌లో బేరం చేసే ఆ పెద్దమనిషి వేషం ఎవరైనా కట్టారా? కట్టరు. ఆయనకి ఈకలు పెట్టడం కుదరదు కదా.

మార్కులు: 0.

ఆదివాసీకి నవ్వడం రాదా?

ఇప్పుడు మనవాళ్ళు కొందరు ఒక ప్రశ్న వేస్తారు. 'అన్నా, ఉద్యమాల్లో ఉన్నవాళ్ళకి హాస్యం తెలీదు. అన్నిటికీ మనోభావాలేనా?'

హాస్యం ఎవరికి తెలీదో చూద్దాం. చైత్రమాసంలో అరకు, పాడేరు కొండల్లో ఇటుకల పండుగ చేస్తారు. మగవాళ్ళు వేటకెళ్తారు. వేట దొరికిందా, ఊరేగింపు. దొరకలేదా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. వట్టి చేతులతో తిరిగొచ్చిన మగాళ్ళ మీద ఆడవాళ్ళు పేడ కొట్టి, పాటలు కట్టి, వెక్కిరించి వదిలిపెట్టే ఆచారం ఉంది. విల్లు పట్టుకున్న మగాడి గర్వాన్ని ఊరందరి ముందు పేడతో కడగడం! ఏ టీవీ షోలో ఇంత పదునైన స్కిట్ చూశారు? అక్కడ నవ్వు బలం లేనివాళ్ళది, నవ్వులపాలయ్యేది బలం ఉన్నవాడు. పండుగ రోజుల్లో దారికి అడ్డం పడి బండ్లు ఆపి చిల్లర అడిగేది కూడా ఆడవాళ్ళే. ఏడాదంతా చెక్‌పోస్టుల్లో ఆగే జనం, ఆ కొద్ది రోజులు తామే చెక్‌పోస్టులు పెడతారు.

ధింసా చూడండి. టీవీకి ధింసా అంటే వెనకాల ఊగే ఒక వరస. కానీ అందులో రకాలున్నాయి. బాగ్ ధింసాలో పులి నుంచి తప్పించుకోవడం ఆడి చూపిస్తారు. పోతర్ తోలాలో ఆకులు ఏరడం. బాయా ధింసాలో పూనకం వచ్చిన గురువుని అనుకరిస్తారు. మోరీ, తుడుము, కిరిడి, జోడుకొమ్ములు మోగుతుంటే తమ గురువుని తామే నటించి చూపిస్తారు. అది కూడా వేషమే. అది కూడా అనుకరణే. కానీ అనుకరించేవాడు రేపు పొద్దున జ్వరం వస్తే ఆ గురువు దగ్గరికే వెళ్తాడు. నవ్వేవాడికీ నవ్వుకి గురయ్యేవాడికీ మధ్య బంధం ఉంది, బాధ్యత ఉంది. స్టూడియోలో ఈకలు పెట్టుకున్నవాడికి ఆ బంధం ఎక్కడిది? షూటింగ్ అయిపోగానే ఈకలు అట్టపెట్టెలోకి వెళ్ళిపోతాయి.

'అందరినీ వెక్కిరిస్తారు కదా' అనే వాదన

ఇది చాలా తెలివైన వాదనలా కనపడుతుంది. కాబట్టి నిదానంగా చూద్దాం.

మనకి పగటివేషాల సంప్రదాయం ఉంది. ఊరూరా తిరిగి వేషాలు కట్టేవాళ్ళు. వాళ్ళు ఎరుకలసాని వేషం కట్టారు, పాములవాడి వేషం కట్టారు, కోయ వేషమూ కట్టారు. నిజమే. కానీ అదే వీధిలో సోమయాజులు–సోమిదేవమ్మ వేషం కట్టి అగ్రహారాన్ని నవ్వులపాలు చేశారు. కోమటి వేషం కట్టి వడ్డీ లెక్కల్ని బయటపెట్టారు. అక్కడ 'అందరినీ' అన్న మాటకి కొంతైనా అర్థం ఉంది.

టీవీ ఆ వేషాల సంచిని తీసుకుని, సగం పారేసి, సగం ఉంచుకుంది. ఏ సగం ఉంచుకుందో చూడండి. గూడెంవాడు ఉన్నాడు, కల్లు అమ్మే ఆమె ఉంది, పనిమనిషి ఉంది, లావుగా ఉన్నవాడు, నల్లగా ఉన్నవాడు, హిజ్రా ఉన్నారు. కాంట్రాక్టరు ఎక్కడ? రియల్ ఎస్టేట్ కులం ఎక్కడ? స్టూడియో ఓనరు ఎక్కడ? మెడలో గొలుసులేసుకున్న ఫ్యాక్షన్ నాయకుడొస్తే అతను హీరోలా వస్తాడు, మీసం మెలేస్తాడు, అతని కులం పేరు ఎవరూ పలకరు. 'అందరినీ' అనేవాళ్ళు ఒక నెల ఎపిసోడ్లు ముందు పెట్టుకుని రెండు గళ్ళు గీయండి. ఎవరి కులం, తెగ కనపడితే నవ్వు వచ్చింది, ఎవరి కులం దాచిపెడితే నవ్వు వచ్చింది అని. లెక్క మీరే తేల్చండి.

మన సంగతీ చెప్పుకోవాలి. అంబేద్కర్ శ్రేణీకృత అసమానత గురించి చెప్పింది కులాల మెట్లకే కాదు, నవ్వుల మెట్లకీ వర్తిస్తుంది. ప్రతి మెట్టు మీదవాడూ కింది మెట్టువాణ్ణి చూసి నవ్వుకుంటాడు, తన మీద పడ్డ నవ్వుని మర్చిపోవడానికి. మన వాడల్లో 'కోయోడిలా ఏంట్రా ఆ అవతారం' అనే మాట ఉంది. పల్లెలో మన డప్పుని చూసి నవ్వినవాళ్ళ మీద కోపం ఉన్న మనం, టీవీలో తుడుముని చూసి నవ్వితే అదే నిచ్చెన ఎక్కినట్టు. దళిత–ఆదివాసీ ఐక్యత అని పోస్టర్ మీద రాయడం తేలిక. రాత్రి టీవీ ముందు నవ్వు ఆపుకోవడం కష్టం. ఉద్యమం ఆ కష్టమైన చోటే మొదలవ్వాలి.

క్షమాపణ కూడా ఒక స్కిట్టే

2021 జూన్‌లో 'శ్రీదేవి డ్రామా కంపెనీ'లో బతుకమ్మ, గౌరమ్మల మీద వేసిన జోకులకి తెలంగాణలో నిరసన లేచింది. ఫిర్యాదు వెళ్ళింది. హైపర్ ఆది క్షమాపణ చెప్పాడు. 2025 ఏప్రిల్ చివర్లో హైదరాబాద్‌లో ఒక సినిమా వేడుకలో విజయ్ దేవరకొండ ఉగ్రవాదుల గురించి మాట్లాడుతూ, 500 ఏళ్ళ కిందటి ట్రైబ్స్‌తో పోలిక తెచ్చాడు. ఆదివాసీ సంఘాలు ఫిర్యాదు చేశాయి. తన ఉద్దేశం అది కాదని విచారం తెలిపాడు. తర్వాత అట్రాసిటీ చట్టం కింద కేసు కూడా నమోదైంది.

గమనించండి. రెండోది స్కిట్ కూడా కాదు. ఎవరూ రాసిచ్చిన పంచ్ కాదు. అడవి మనిషి అంటే కొట్టుకునేవాడు అన్న బొమ్మ బుర్రలో ముందే ఉంది, నోట్లోంచి దొర్లింది. ఆ బొమ్మని ఇన్నేళ్ళు గీసింది సినిమా, టీవీ. ఇద్దరు వ్యక్తులు సారీ చెప్పినంత మాత్రాన ఆ బొమ్మ చెరిగిపోదు. ప్రతిసారీ సారీ చెప్పేది మైకు ముందున్న మనిషి. స్క్రిప్టుని ఓకే చేసినవాడు, ఎడిటింగ్‌లో ఉంచినవాడు, ప్రోమోలో అదే ముక్క వేసి వ్యూస్ లాక్కున్నవాడు, వీళ్ళెవరూ తెర మీదకి రారు.

ఈ బొమ్మ ఎంత పైదాకా పాకిందో చెప్తాను. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ని, 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. ఆదివాసీలని జంతుప్రదర్శనశాలలో బొమ్మల్లా, నాట్యాలు చూసి ఆనందించే వస్తువుల్లా చూడకూడదని ఆ తీర్పులో ఉంది. మంచి మాట. అదే తీర్పులో వాళ్ళది ఆదిమ జీవన విధానమనీ, సాధారణ చట్టాలకి ఇమడలేనిదనీ ఉంది. ఒక చేత్తో జూ తలుపు తీసి, ఇంకో చేత్తో బోర్డు తగిలించినట్టు. ఫలితం? కూబి తెలిసిన టీచరు కొండ బడికి రావడానికున్న గ్యారంటీ పోయింది. పిల్లాడి భాషని 'జింబ జింబ' అనుకునే టీచరుకి తలుపు తెరుచుకుంది. నవ్వు, తీర్పు, ఉద్యోగం వేరువేరు గదులు కావు. మధ్యలో తలుపులున్నాయి.

మనం రాస్తే ఎలా ఉంటుంది?

'మరి అడవి మీద స్కిట్టే వద్దా?' కావాలి. దండిగా కావాలి. ఒకటి నేనే చెప్తాను, వాడుకోండి.

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ఆదివాసీయేతరులకి బదలాయించకూడదని 1/70 చట్టం చెప్తుంది. అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి ఉందంటే, అది ఆదివాసీ నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. మరి కొండల్లో ఇన్ని రిసార్టులు ఎలా లేచాయి? ఇదీ స్కిట్. పేరు 'బినామీ బొంగు చికెన్'. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, ఆదివాసీ. తనిఖీకి ఆఫీసర్ జీపు కనపడగానే ఓనరు పరిగెత్తుకొచ్చి వాచ్‌మన్‌కి తన కోటు తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టి, తాను టోపీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు. కాగితాల్లో ఓనరు వాచ్‌మనే కాబట్టి! జీపు వెళ్ళగానే కోటు వెనక్కి. జీపు మళ్ళీ వస్తుంది, మళ్ళీ కోటు. మూడోసారి వాచ్‌మన్ కోటు విప్పడు. 'కాగితం నా పేరు మీదే ఉంది కదా సారూ, టీ పట్రా' అంటాడు.

నవ్వొచ్చిందా? ఎవరి మీద? చూశారా, కామెడీ ఎక్కడికీ పోలేదు. దిశ మారింది అంతే.

సరుకు కొరత లేదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, అనంతగిరి మండలం గనుల లీజుల గొడవలోంచి, ఏజెన్సీ భూముల్ని ప్రైవేటు గనులకి ఇవ్వకూడదని చెప్పింది. ఆ తీర్పుని పక్కదారి పట్టించడానికి ప్రభుత్వ సంస్థ బోర్డు ముందు పెట్టి, కంపెనీని వెనకాల నిలబెట్టే ఆటలు బాక్సైట్ రోజుల్లో చూశాం. ఒకే మనిషి రెండు టోపీలు మార్చే వేషం అది. రేషన్ వేలిముద్ర కోసం సిగ్నల్ వెతుక్కుంటూ గుట్టెక్కే ఊరుంది. రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసే చోట, డిజిటల్ పాలన గురించి ఉపన్యాసం దంచే అధికారి ఉన్నాడు. ఇవన్నీ వదిలేసి ఈకల దగ్గరే ఆగిపోయే రచయితకి నేను కోపంతో కాదు, జాలితో మార్కులు తగ్గిస్తున్నా. బద్ధకానికి మైనస్ మార్కులు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని

కోప్పడి ఫోన్ పక్కన పడేస్తే ఛానెల్‌కి నష్టం లేదు. కాబట్టి పనులు రాసుకోండి.

ఒకటి. కేబుల్ టీవీ నిబంధనల్లో ప్రోగ్రామ్ కోడ్ ఉంది, రూల్ 6. జాతి, భాష, ప్రాంతం ఆధారంగా ఏ సమూహాన్నైనా కించపరిచే, ఎద్దేవా చేసే, చిన్నచూపుతో చూపించే దృశ్యాలు, మాటలు ఉండకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆడవాళ్ళని కించపరచకూడదని వేరే క్లాజు ఉంది. 2021లో చేసిన సవరణ ప్రకారం ఫిర్యాదు అందినట్టు ఛానెల్ 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే స్వీయ నియంత్రణ సంస్థకి, అక్కడా కాకపోతే ప్రభుత్వ కమిటీకి వెళ్ళొచ్చు. ఎపిసోడ్ తేదీ, సమయం, ఆ నిమిషంలో అన్న మాట, తగిలే క్లాజు. ఈ నాలుగూ ఉంటే అది ఫిర్యాదు. లేకపోతే అది తిట్టు.

రెండు. అట్రాసిటీ చట్టంలో ఒక వ్యక్తిని అవమానించడానికి ఒక సెక్షన్, మాటలతోనో దృశ్యాలతోనో మొత్తం ఎస్సీ, ఎస్టీల మీద ద్వేషం, శత్రుత్వం పెంచడానికి వేరే సెక్షన్ 3(1)(యు) ఉన్నాయి. ఆ సెక్షన్ వ్యక్తికి కాదు, సమూహానికి సంబంధించినదని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రతి చెత్త జోక్‌కీ దాన్ని లాగకండి. చట్టం మన చేతిలో ఉన్న పదునైన కత్తి. కూరగాయలు తరిగితే మొద్దుబారుతుంది.

మూడు. మీ కాలేజీలో ఫ్రెషర్స్ డేకి ఆకులు, ఈకలు తయారవుతుంటే, స్టేజీ ఎక్కకముందే వెళ్ళి మాట్లాడండి. గొడవపడొద్దు. 'హాల్లో కొండ నుంచి వచ్చినవాళ్ళు కూర్చుంటారు, వాళ్ళ పక్క సీట్లో కూర్చుని ఈ స్కిట్ చూడగలవా' అని అడగండి. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగనివాడితో అప్పుడు గొడవపడదాం.

నాలుగు. ఇది కొండ పిల్లలకి. మీ అవ్వ సంతలో బేరమాడేటప్పుడు వ్యాపారిని ఎలా ఆటపట్టిస్తుందో రాయండి. ఇటుకల పండుగలో పాడే వెక్కిరింపు పాటల్ని పాడినవాళ్ళని అడిగి, వాళ్ళ పేరుతో, వాళ్ళ భాషలో రికార్డ్ చెయ్యండి. మూడు నిమిషాల వీడియోకి స్టూడియో అక్కర్లేదు. మా వైపు జనం గురించి, మీ దగ్గరికి ఎక్కి వచ్చే టూరిస్టుల గురించి, దళిత సంఘాల గురించి కూడా జోకులు వెయ్యండి. మాకు తగలనివ్వండి.

మొత్తం స్కోర్ చెప్పాలి కదా. నటనకి 8, టైమింగ్‌కి 9. భాషకి, వేషానికి, గంజాయికి సున్నాలు. గూడెం పెద్ద కూతురి అంకానికి పేపరే లేదు. సగటు కట్టమంటారు, కానీ ఇలాంటి పేపర్‌కి సగటు కట్టరు. అన్నం ఎంత బాగా వండినా అందులో ఒక్క గాజుపెంకు కనపడితే, వంటకి ఇన్ని, గాజుకి ఇన్ని అని మార్కులు వేసుకుంటూ కూర్చోం. పళ్ళెం పక్కకి నెట్టేస్తాం, వండినవాణ్ణి పిలుస్తాం.

వచ్చే భాగంలో తెలుగు సినిమాలో 'నల్లరంగు' పులమడం గురించి మాట్లాడుకుందాం. ఈలోపు పైన చెప్పిన రెండు గళ్ళ లెక్క గీసి ఉంచండి. వాదనకి అది పనికొస్తుంది.

జై భీమ్. జై ఆదివాసీ.